చిట్టీలో లేని పెద్దమ్మ

సోలాపూర్ తెలుగు పేటల్లో ఎవరికీ ఏమీ కాని మనిషిని వెతికి పట్టుకోవడం అయ్యే పని కాదు. భవాని పేట్‌లో ఒకరిని పలకరిస్తే దాజీ పేట్‌లో ముగ్గురు మేనమామలు బయటపడతారు. అందుకే పేటల మహిళా సాఫ్ట్‌బాల్ పోటీ ఫైనల్‌కు హోమ్ ప్లేట్ వెనక నిలబడే పెద్ద అంపైర్‌గా తన పేరు చూడగానే తృప్తి తిన్నగా వినాయక్ సర్ దగ్గరికి వెళ్ళింది.

"సర్, విడీ ఘర్కుల్ జట్టుల బంతులేసే పిచ్చర్ శీతల్ నాకు వదినె అయితది. మా పెద్దమ్మ కోడలు. ముందే చెప్తున్న."

వినాయక్ సర్ పోటీ నడిపించే కమిటీ మనిషి. ఫైనల్లో బేస్‌ల దగ్గర ఉండే రెండో అంపైర్ కూడా ఆయనే. అంతా విని నవ్వి, రెండు జట్ల కోచ్‌లనూ పిలిపించాడు. విడీ ఘర్కుల్ కోచ్ వాసుదేవ్ మాస్టర్‌కు అభ్యంతరం ఎందుకుంటుంది? దాజీ పేట్ కోచ్ మంగేశ్ మాత్రం మెడలో ఈల తిప్పుకుంటూ కాసేపు ఆలోచించాడు. పగలంతా మగ్గాల షెడ్లలో చెడిపోయిన సాంచాలు, అంటే మరమగ్గాలు, బాగుచేసే మనిషి. ఆ చప్పుడులో మాట్లాడీ మాట్లాడీ గొంతు ఎప్పుడూ పై స్థాయిలోనే ఉంటుంది.

"ఐతే ఏంది? నా తోడల్లుడు, ఈ మేడం నాయిన ఒక్క కార్ఖానాలనే పని చేస్తరు. గిట్ల జూసుకుంట పోతే పుణె నుంచి అంపైర్‌ను తేవాలె. ఆడిపియ్యుండ్రి!" అన్నాడు.

అలా తృప్తికి మొదటి ఫైనల్ దక్కింది.

ఇరవై నాలుగేళ్ళ పిల్ల. బడిలో ఉన్నప్పటి నుంచి కాలేజీ దాకా సాఫ్ట్‌బాల్ ఆడింది. మోకాలు దెబ్బతిని డాక్టరు ఇక పరుగు వద్దన్నాక ఇంట్లో వాళ్ళు పోనీలే అనుకున్నారు. ఆమెకు మాత్రం మైదానం వదలబుద్ధి కాలేదు. టవళ్ళ కార్ఖానాలో సరుకు తనిఖీ చేసే ఉద్యోగం చేసుకుంటూనే అంపైర్ల పరీక్ష రాసి పాసైంది. తండ్రి సిద్ధరాములు ఆ కబురు విని, "ఆడినప్పుడు ఒక్క టీమోళ్ళే తిట్టేటోళ్ళు. ఇప్పుడు రెండు టీములోళ్ళు తిడతరు. గిదేం ప్రమోషన్ బిడ్డా?" అని అడిగాడు. అడిగాడే గానీ, ఆమె నీలం చొక్కా కాలరుకు ఇస్త్రీ సరిగా పడలేదని ఫైనల్ నాడు పొద్దున్నే తనే మళ్ళీ చేసిపెట్టాడు.

ఇక విడీ ఘర్కుల్ జట్టు సంగతి. బీడీ కార్మికుల కోసం కట్టిన ఆ కాలనీలో పొద్దంతా ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుట్టే ఆడవాళ్ళకు సాయంత్రం నడుం వాల్చడం తప్ప ఇంకో ఆలోచన ఉండేది కాదు. వాసుదేవ్ మాస్టర్ బడి నుంచి రిటైరై వచ్చి, ఖాళీ జాగాలో నాలుగు బేస్‌లకు నాలుగు గోనెసంచులు పరిచాక పరిస్థితి మారింది. కాలేజీ పిల్లలు కొందరు, కోడళ్ళు కొందరు చేరారు. అందరిలోకీ ముందు చేరింది శీతల్.

శీతల్ అత్త చంద్రభాగకు యాభై దాటాయి. కోడలు సాయంత్రం పూట ట్రాక్ ప్యాంటు వేసుకొని ఎటు పోతున్నదో చూసొద్దామని ఒకనాడు వెనకే వెళ్ళింది. ఎవరో కొట్టిన బంతి దొర్లుకుంటూ వచ్చి ఆమె చెప్పుల దగ్గర ఆగింది. తీసి విసిరింది. అది ఎక్కడికి పోయి పడిందో ఆమెకూ తెలియలేదు, పిల్లలు మాత్రం చప్పట్లు కొట్టారు. మర్నాటి నుంచి ఆమె రోజూ వచ్చింది. కోడలికి కాపలా అని వాడకట్టుకు చెప్పేది గానీ, బంతులు పట్టుకునే వరసలో అందరికంటే ముందు నిలబడేది.

పోటీకి జట్టును నమోదు చేయించేటప్పుడు ఆధార్ కార్డు నకలు ఇచ్చిన వాళ్ళకే జెర్సీ వస్తుందని తెలిసింది. చంద్రభాగ వెంటనే తన ఆధార్ ఇచ్చేసింది. "వీపు మీద పేరు పెద్దగ రావాలె. నంబర్ ఒకటి ఇయ్యుండ్రి" అని కూడా చెప్పింది. ఆడటానికి కాదు, జెర్సీకి.

ఫైనల్ ఆదివారం పొద్దున జరిగింది. ఎండ ఇంకా ముదరలేదు. ఒక బడి మైదానంలో చుట్టూ గోడల మీద కూడా మనుషులు కూర్చున్నారు. మ్యాచ్‌కు ముందు రెండు జట్లూ ఆటగాళ్ళ చిట్టీలు తెచ్చిచ్చాయి. మొదట ఆడే తొమ్మిది మంది పేర్లు, నంబర్లు, వాళ్ళ కింద అవసరమైతే దిగే సబ్‌స్టిట్యూట్ల పేర్లు. తృప్తి రెండూ సరిచూసుకొని జేబులో పెట్టుకుంది. విడీ ఘర్కుల్ చిట్టీలో సబ్‌స్టిట్యూట్లు ఇద్దరే. పెద్దమ్మ పేరు అందులో లేదు. పెద్దమ్మ మాత్రం చీర మీద జెర్సీ తొడుక్కొని, జొన్న కడక్ రొట్టెలు, పల్లీలతో చేసిన శేంగా చట్నీ ఉన్న డబ్బా ఒళ్ళో పెట్టుకొని, బెంచీ పక్కనే రాణిలా కూర్చుని ఉంది.

తర్వాత తెలిసిందేమంటే, వాసుదేవ్ మాస్టర్ చిట్టీ రాస్తూ, "చంద్రభాగమ్మా, మీ పేరు రాయాల్నా?" అని అడిగాడట. "నన్నెవరు ఆడనిస్తరు సారూ, నేను రొట్టెలు పంచనీకి వచ్చిన" అన్నదట ఆమె. ఆయన కలం మూసేశాడు.

ఆట మొదలైంది. నాలుగు ఇన్నింగ్స్ దాకా హాయిగా సాగింది. రెండు జట్లూ పోటాపోటీగా పరుగులు తీశాయి. తృప్తి గొంతు మొదట్లో కొంచెం వణికినా, రెండో ఇన్నింగ్‌కల్లా "స్ట్రైక్!" అన్న అరుపుకు బడి కప్పు మీది పావురాలు లేచిపోయాయి.

ఐదో ఇన్నింగ్‌లో చిక్కొచ్చింది. అప్పటికే విడీ ఘర్కుల్ జట్టులో ఒక పిల్లకు ఎండకు కళ్ళు తిరిగితే ఇంటికి పంపించారు, ఆమె బదులు సోనాలి దిగింది. రెండో సబ్‌స్టిట్యూట్ పేరు చిట్టీలో ఉందే గానీ మనిషి రాలేదు, కొడుక్కు జ్వరమట. అలాంటి సమయంలో రైట్ ఫీల్డ్‌లో ఉన్న ప్రణాలి పైకి లేచిన బంతి కోసం వెనక్కి నడుస్తూ గుంటలో కాలు వేసింది. మడమ మెలిక పడింది. ఇద్దరు పట్టుకొని మోసుకొచ్చారు. సోడా బండి దగ్గర నుంచి ఐసు తెచ్చి పెట్టారు.

మైదానంలో ఎనిమిది మందే మిగిలారు. తొమ్మిది మంది లేకపోతే మ్యాచ్ ఎదుటి జట్టుకు రాసిచ్చేయాలని ఈ పోటీ నిబంధన.

వాసుదేవ్ మాస్టర్ నెత్తి మీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. పిచ్చర్ జాగాలో నిలబడ్డ శీతల్ చూపు బెంచీ మీదుగా వెళ్ళి డబ్బా మూత పెడుతున్న మనిషి దగ్గర ఆగింది.

"అత్తమ్మా! లేవు!"

"ఎందుకే?"

"ఆడనీకి!"

చంద్రభాగ ఒక్క క్షణం చుట్టూ చూసింది. డబ్బా సోనాలి తల్లి చేతిలో పెట్టింది. కోడలి సంచిలో ఉన్న ఇంకో ట్రాక్ ప్యాంటు తీసుకొని బడి గోడ వెనక్కి పరిగెత్తింది. వాసుదేవ్ మాస్టర్ తృప్తి దగ్గరికి వచ్చి, "అంపైర్ మేడం, ప్రణాలి జాగల చంద్రభాగ. నంబర్ ఒకటి" అన్నాడు.

ఆయన మాట పూర్తి కాలేదు, మంగేశ్ వచ్చేశాడు.

"ఏ చంద్రభాగ? చిట్టీల ఉన్నదా పేరు? చూపియ్యుండ్రి! నావ్‌చ్ నాయి! పేరే లేదు! రొట్టెలు పంచెటామెను తెచ్చి ఆడిపిస్తరా? ఎనిమిది మందే ఉన్నరు, మ్యాచ్ మాదే. బస్, ఖతం!"

దాజీ పేట్ బెంచీ లేచి నిలబడింది. గోడ మీది వాళ్ళు కిందికి దిగారు. తృప్తి మాస్క్ తీసి చంకలో పెట్టుకుంది. చెమట మెడ మీదుగా జారుతోంది. చిట్టీలో పేరు లేని మాట నిజమే. ఆ పేరు తన పెద్దమ్మది కావడమూ నిజమే. ఏం చెప్పినా సగం మంది మరోలా అనుకుంటారని ఆమెకు తెలుసు. కానీ ఈ పేరు వేరే ఎవరిదైనా ఐతే తను ఏం చెప్పేది? ఆ ప్రశ్న వేసుకోగానే బుర్ర చల్లబడింది. జవాబు ఆమెకు బాగా తెలిసిందే.

"మంగేశ్ సర్, వాసుదేవ్ సర్, ఇద్దరు ఇటు రాండ్రి" అని పక్కకు పిలిచి, వినాయక్ సర్ వైపు తిరిగింది. "సర్, చంద్రభాగ ఈ జట్టు పేరు మీద పోటీల నమోదు అయి ఉన్నదా, కమిటీ టేబుల్ కాడ జర అడగుండ్రి."

వినాయక్ సర్ వెళ్ళి వచ్చాడు. "ఉన్నది. ఆధార్ ఇచ్చింది. నంబర్ ఒకటి."

"ఐతే ఆమె ఆడొచ్చు" అంది తృప్తి. "జట్టుల లేని మనిషిని తెస్తే తప్పు. ఒకసారి ఆడి, మల్ల వచ్చే హక్కు పోయినోళ్ళను తెస్తే తప్పు. నాకు చెప్పకుండ మైదానంలకు తోలితే తప్పు. సబ్‌స్టిట్యూట్ పేరు చిట్టీల రాయనందుకు మాత్రం శిక్ష లేదు, మంగేశ్ సర్. ఆట నడుస్తుండంగ ఎప్పుడైన రాయొచ్చు. ఇగో, రాస్తున్న."

"మరి చిట్టీ ఎందుకు? ముచ్చటకా?"

"ఎవరున్నరో మీకు ముందుగాల తెల్వనీకి. రాస్తే మంచిది. రాయకుంటే మ్యాచ్ పోదు."

"మీ పెద్దమ్మ గాబట్టి పోదు!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నలుగురు నవ్వారు. తృప్తి చెవులు వేడెక్కాయి. మంగేశ్ ఆ మాట అనలేదు, అన్న వాణ్ణి వారించనూ లేదు. "నాకు ఒప్పుదల లేదు, రాసుకోండ్రి" అన్నాడు. ఆమె అదీ రాసుకుంది. మ్యాచ్ అయ్యాక కమిటీ చూస్తుందని చెప్పింది.

అంతలో చంద్రభాగ గోడ వెనక నుంచి వచ్చింది. ట్రాక్ ప్యాంటు చీలమండల పైకే ఆగిపోయింది. కొప్పు మీద టోపీ నిలవక ఒక పక్కకు ఒరిగింది.

"మీ పేరు, నంబర్ చెప్పుండ్రి" అంది తృప్తి.

"నన్ను మీరు అంటున్నవా?" చంద్రభాగ తెల్లబోయింది. "పేరు తెల్వదానే నీకు?"

"చెప్పుండ్రి."

"చంద్రభాగ. ఒకటో నంబర్." అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఆమె జనం వైపు తిరిగి, తృప్తి భుజం తట్టి, "నా చెల్లె బిడ్డ! నన్ను ఇడుస్తదా!" అని గట్టిగా చెప్పి మరీ రైట్ ఫీల్డ్‌కు నడిచింది. తృప్తి వెంటనే మాస్క్ తొడుక్కుంది. ఆ మాస్క్ అంత పనికొచ్చిన సందర్భం ఆమెకు అంతకు ముందు లేదు.

చంద్రభాగ ఆట ఎలా ఉందంటే, బాగుందనీ చెప్పలేం, బాగాలేదనీ చెప్పలేం. మొదటి బంతి ఆమె చేతుల్లో పడి జారిపోయింది. రెండోది నేల మీద దూసుకొస్తుంటే కాలు అడ్డం పెట్టి ఆపి, "అవ్వో!" అని అరుస్తూనే తీసి ఫస్ట్ బేస్‌కు విసిరింది. దాజీ పేట్ పిల్ల ఒక్క అడుగు తేడాలో అవుట్. విడీ ఘర్కుల్ ఆడవాళ్ళ కేకలు రోడ్డు మీదికి వినిపించాయి. బ్యాటింగ్‌కు వచ్చినప్పుడు ఆమె బ్యాట్ భుజం మీద పెట్టుకొని కదలకుండా నిలబడింది. దాజీ పేట్ పిచ్చర్‌కు నవ్వాగలేదో ఏమో, వరసగా నాలుగు బంతులూ పక్కకే వేసింది.

"ఫస్ట్ బేస్‌కు పోండ్రి" అంది తృప్తి.

"నేను కొట్టనే లేదు గదనే?"

"కొట్టకున్న పోవచ్చు. నాలుగు బంతులు బయటికి పడ్డయ్."

"గిదేందో మంచిగనే ఉన్నది" అనుకుంటూ ఆమె తీరిగ్గా నడుచుకుంటూ వెళ్ళింది.

ఆఖరి ఇన్నింగ్ వచ్చింది. విడీ ఘర్కుల్ బ్యాటింగ్. ఒక్క పరుగు వెనకపడి ఉన్నారు. ఇద్దరు అవుటయ్యారు. సెకండ్ బేస్‌లో సోనాలి, థర్డ్ బేస్‌లో శీతల్. ఒక మంచి దెబ్బ పడితే ఇద్దరూ హోమ్ ప్లేట్‌కు వచ్చేస్తారు, కప్పు వచ్చేస్తుంది. వరస ప్రకారం ఇప్పుడు చంద్రభాగ వంతు.

ఆమె బ్యాట్ పట్టుకొని లేచింది. అదే క్షణాన, కాలికి పట్టీ కట్టుకొని కూర్చున్న ప్రణాలి కూడా లేచింది. "సర్, నొప్పి తగ్గింది. నేను కొడత" అంది.

సాఫ్ట్‌బాల్‌లో మొదట ఆడిన తొమ్మిది మందికి ఒక సౌకర్యం ఉంది. బయటికి వెళ్ళినా ఒకసారి తిరిగి తమ జాగాలోకి రావచ్చు. వాసుదేవ్ మాస్టర్‌కు అది తెలుసు. ఆయన ముఖం వెలిగింది. "చంద్రభాగమ్మా, బ్యాట్ ప్రణాలికి ఇయ్యి."

"ఎందుకియ్యాలె? నా నంబర్ వచ్చింది, నేనే కొడత."

"అమ్మా, గిది ఫైనల్!"

"నాకు గూడ ఫైనలే సారూ!"

థర్డ్ బేస్ నుంచి శీతల్ అరిచింది, "అత్తమ్మా! ఇయ్యి! దండం పెడత!" అత్త కోడలి వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు సంగతి ఇంటికి వెళ్ళాక తేలుతుంది. బ్యాట్‌ను ప్రణాలి చేతిలో పెట్టకుండా నేల మీద పడేసి, బెంచీ మీద ఆ చివరకు వెళ్ళి అటు తిరిగి కూర్చుంది. వాసుదేవ్ మాస్టర్ ఆమెను బుజ్జగించడానికి వెనకే వెళ్ళాడు. ప్రణాలి కుంటుకుంటూ ప్లేట్ దగ్గరికి వచ్చి నిలబడింది.

తృప్తి చూసింది. చంద్రభాగ పోయి ప్రణాలి వచ్చింది. మార్పు ఎవరూ చెప్పలేదు. జేబులోంచి బ్రష్ తీసి ప్లేట్ తుడిచింది. తుడిచిన ప్లేట్‌నే మళ్ళీ తుడిచింది. వాసుదేవ్ మాస్టర్ ఇటు తిరిగి ఒక్క ముక్క చెప్తే చాలు. ఆయన వీపే కనిపిస్తోంది. చెప్పకుండా దిగిన ఆటగాణ్ణి పట్టుకోవడం ఎదుటి జట్టు పని, అంపైర్ తనంతట తాను నోరు విప్పకూడదని ఆమెకు నేర్పారు. ప్లేట్‌ను ఇంకోసారి తుడిస్తే అది కూడా ఒక జట్టుకు సైగ చేసినట్టే. ఆమె లేచి, మాస్క్ సర్దుకొని, "ప్లే" అంది.

రెండో బంతికే ప్రణాలి కొట్టింది. అది షార్ట్‌స్టాప్ జాగాలో నిలబడ్డ పిల్ల తల మీదుగా వెళ్ళి గడ్డిలో దూరంగా పడింది. శీతల్ వచ్చింది. సోనాలి చేతులు గాల్లో ఊపుకుంటూ వచ్చింది. విడీ ఘర్కుల్ బెంచీ మొత్తం మైదానంలోకి దూకింది. ఎవరో డప్పు మొదలుపెట్టారు. అటు తిరిగి కూర్చున్న చంద్రభాగ కూడా ఇటు తిరిగి, కోపం మరిచి, పరిగెత్తుకొచ్చి కోడలిని వాటేసుకుంది.

మంగేశ్ మాత్రం కదల్లేదు. ప్రణాలిని చూశాడు. చంద్రభాగను చూశాడు. తృప్తి దగ్గరికి నడిచి వచ్చాడు. ఈసారి అరవలేదు.

"మేడం, ఇప్పుడు కొట్టింది ఎవరు?"

"ప్రణాలి."

"ఆమె మల్ల వచ్చినట్టు మీకు ఎవరన్న చెప్పిన్రా?"

"చెప్పలేదు."

"ఐతే నేను అడుగుతున్న."

ఆమె చెయ్యి పైకెత్తింది. డప్పు ఆగడానికి కొంతసేపు పట్టింది. వాసుదేవ్ మాస్టర్ నవ్వుతూనే వచ్చాడు.

"సర్, ప్రణాలిని దింపినట్టు నాకు చెప్పలేదు. ఎదుటి జట్టు అడిగింది. బ్యాటర్ అవుట్. రన్నర్లు ఎన్కకు. రెండు పరుగులు లెక్కల లేవు. మూడో అవుట్ అయింది. మ్యాచ్ దాజీ పేట్‌ది."

ఆయన నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. "ప్రణాలి పేరు చిట్టీల ఉన్నది గద మేడం! మొదటి తొమ్మిది మందిల ఉన్నది! చంద్రభాగమ్మ పేరు లేకున్న ఆడనిచ్చిన్రు, పేరున్న పిల్లను అవుట్ అంటున్నరా?"

"పేరు ఉన్నదా లేదా అని కాదు సర్. అప్పుడు మీరు వచ్చి నాకు చెప్పిన్రు. ఇప్పుడు చెప్పలే."

 ఆయన అటువైపు బెంచీని, చంద్రభాగను బుజ్జగించిన చోటును చూశాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. వినాయక్ సర్ వచ్చి తృప్తి పక్కన నిలబడ్డాడు. నిర్ణయం ఇక మారదని అందరికీ తెలియడానికి అది చాలింది.

ఆ తర్వాత అన్న మాటలన్నీ రాస్తే బాగుండదు. అత్తింటికి పోయే పిల్లకు ఇంత కఠినం పనికిరాదని ఒక ముసలమ్మ అంది. మొదట పెద్దమ్మకు మేలు చేసింది గనుక దాన్ని కప్పిపుచ్చుకోవడానికి ఇప్పుడు ఇలా చేసిందని ఇంకొకాయన కనిపెట్టాడు. ప్రణాలి ఏడ్చింది. శీతల్ చేతి తొడుగు నేలకేసి కొట్టింది.  చంద్రభాగ మాత్రం గోడ వెనక్కి వెళ్ళి ప్యాంటు మార్చుకొని వచ్చింది, డబ్బా తీసుకుంది, తృప్తి ముందు నుంచే నడిచి వెళ్ళి షేర్ ఆటో ఎక్కింది. తల తిప్పలేదు.

మంగేశ్ కప్పు అందుకొని వచ్చాక, "మేడం, నేను రాయించిన అభ్యంతరం కొట్టెయ్యుండ్రి" అన్నాడు. "గెలిచినం గదా అని కాదు. కమిటీ కాడ రూల్ పుస్తకం సదివిన. మీరన్నదే కరెక్ట్."

ఆ మాట కొంచెం ఊరటే. కానీ స్కూటీ మీద ఇంటికి పోతుంటే తృప్తికి పెద్దమ్మ తిప్పని తలే కళ్ళ ముందు ఆడింది. చిన్నప్పుడు అమ్మ నర్సమ్మ టవళ్ళు కుట్టే పనిలో పడితే, తృప్తికి తల దువ్వి జడ వేసింది పెద్దమ్మే. మోకాలికి ఆపరేషన్ అయితే ఆస్పత్రిలో పక్కన పడుకున్నదీ పెద్దమ్మే.

వారమంతా ఫోన్ లేదు. "మా అక్క ఫోన్ ఎత్తుతలేదు" అని నర్సమ్మ ప్రతి పూటా చెప్పేది. "నువ్వన్న చేసి చూడు" అనేది. సిద్ధరాములు అన్నం కలుపుతూ, "పోయి ఎదురుంగ కూసోని తిట్టించుకో బిడ్డా. ఫోన్‌ల తిట్లు ఎంతకు ఒడువయ్" అన్నాడు.

సెలవు నాడు మధ్యాహ్నం తృప్తి విడీ ఘర్కుల్ వెళ్ళింది. ఇంటి ముందు అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు బీడీలు చుడుతున్నారు, మధ్యలో పెద్దమ్మ. తృప్తి స్కూటీ ఆపగానే మాటలు ఆగిపోయాయి. కత్తెరలు ఆకులు కోసే చప్పుడు మాత్రం మిగిలింది. ఒక్కొక్కరే చాటలు తీసుకొని లేచి వెళ్ళిపోయారు.

తృప్తి చెప్పులు విప్పి అరుగు మీద కూర్చుంది.

"కోపమొచ్చిందా పెద్దమ్మా?"

"వచ్చింది" అంది చంద్రభాగ, చుడుతున్న బీడీ మీంచి కళ్ళు ఎత్తకుండా. "ఎందుకొచ్చిందో జెప్పాల్నా? ఓడినందుకు కాదు. గా మాస్టర్ చెప్పుడు మర్చిపోయిండు, అది ఆయన తప్పు. నన్ను పక్కకు తియ్యకపోతే గది గూడ కాకపోవు."

"మరి?"

"మొదలు నన్ను ఆడనిచ్చినవ్ జూడు, నా చెల్లె బిడ్డ నా కోసం జేసింది అనుకున్న. అందరికి అట్లనే చెప్పుకున్న. మల్ల నువ్వు మమ్ముల ఓడగొట్టినంక ఎన్కటిది గూడ సమజైంది. నా కోసం ఏం జెయ్యలే నువ్వు. ఎవరొచ్చినా అదే చెప్తుంటివి." ఆమె బీడీ కొసను గోటితో మడిచి చాటలో వేసింది. "అగో, అందుకొచ్చింది కోపం. ఇంత పెంచినం, నా మీద ఇంత ఖాతరు లేదా అని."

తృప్తి తల దించుకుంది.  ఖాతరు ఉందనీ, అది వేరే విషయమనీ చెప్పాలనుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏడువకు. పూరా ఇను" అంది చంద్రభాగ. "నిన్నటి దాక గట్లనే ఉన్నది కోపం. నిన్న నీళ్ళ కాడ ఒకామె, 'మీ బిడ్డ పుణ్యాన ఆడినవ్ గద' అన్నది. నాకు నోట్ల నుంచి ఎట్లొచ్చిందో, 'ఎవ్వరి పుణ్యం లేదు, జట్టుల నా పేరున్నది, నాకు హక్కున్నది, ఆడిన' అన్న. అన్నంక నాకే ఆడనే నిలబడబుద్ధైంది గంతసేపు, బిందె నిండి పొర్లిపోయినా." ఆమె మొదటిసారి తృప్తి ముఖంలోకి చూసింది. "యాభై ఏండ్లకు ఏదన్న ఒకటి, ఎవ్వరు దయ తల్వకుండ, నాది నాకు వచ్చింది. గది నువ్వే ఇచ్చినవ్. ఇయ్యకుండనే ఇచ్చినవ్. నాకు ఎట్ల జెప్పాల్నో తెలుస్తలేదు పో."

తృప్తి ఆమె మోకాలి మీద తల పెట్టుకుంది. తంబాకు వాసన. చంద్రభాగ పొడి అంటిన చేతులతో ముట్టకుండా, మోచేత్తో ఆమె తల నిమిరింది.

లోపలి నుంచి శీతల్ వచ్చి గడపలో నిలబడింది. "కథ అయిపోయిందా? ఐతే నా బాధ గూడ ఇను మర్దలా. అత్తమ్మ వచ్చే పోటీల రైట్ ఫీల్డ్ నాదేనని మాస్టర్‌కు నోటీస్ ఇచ్చింది. ప్రణాలి ఏడుస్తున్నది."

"ఏడువనీ. దాని మడమ ఇంక మాననే లేదు" అంది చంద్రభాగ. "కాని నాకు కొట్టుడు రాదు. నాలుగు బంతులు పక్కకు పడెదాక నిలబడుడే వచ్చు. తృప్తీ, నువ్వు నేర్పు."

సాయంత్రం ముగ్గురూ ఖాళీ జాగాకు వెళ్ళారు. ఫైనల్ తర్వాత మొదటిసారి జట్టంతా వచ్చింది. వాసుదేవ్ మాస్టర్ తృప్తిని చూసి కొంచెం ఇబ్బందిగా నవ్వి, బంతి ఆమె చేతిలో పెట్టాడు. తృప్తి మోకాలు కాపాడుకుంటూ మెల్లగా బంతులు వేసింది. చంద్రభాగ మొదటిదానికి ముందే ఊపింది, రెండోదానికి ఆలస్యంగా ఊపింది, మూడోదానికి బ్యాటే ఎత్తలేదు.

"మూడు స్ట్రైకులు. అవుట్" అంది తృప్తి.

"అది బయటికి పడ్డది!"

"లోపలనే పడ్డది పెద్దమ్మా."

"ఎవరన్నరు?"

"నేనే అన్న."

చంద్రభాగ బంతి పడ్డ చోటును వంగి చూసింది. వాసుదేవ్ మాస్టర్ వైపు చూసింది, ఆయన ఆకాశం వైపు చూశాడు. కోడలి వైపు చూసింది, శీతల్ నవ్వు ఆపుకుంటూ చేతి తొడుగు విప్పుకుంటోంది. ఇక లాభం లేదనుకొని, ఆమె బ్యాట్‌ను ఈసారి నేల మీద పడేయకుండా ప్రణాలి చేతిలో పెట్టి, గొణుక్కుంటూ వెళ్ళి వరసలో ఆఖరున నిలబడింది.